తడి ఆరకముందే

రోజుకి ఎన్నిసార్లు అంటానో లెక్కలేదు:
"స్నానం చేశాక, తడి ఆరకముందే రాసుకోండి మేడమ్.
టవలుతో రుద్దకూడదు, అద్దుకోవాలి, అంతే."
బ్రాడీపేటలో ఏసీ కొట్టు, అద్దాల బీరువా,
దాని ముందు నా ఎడమ ముంజేయి.
కొట్టుకి అదే శాంపిల్.
పొద్దున కొబ్బరి, మధ్యాహ్నం కోకో,
లైట్లు వేసే వేళకి షియా.
ఒళ్లంతటిలో ఆ జానెడు మేర మాత్రం
గొప్పింటి పిల్లలా పెరుగుతోంది.
కుడిచేయి దాన్ని ఓరగా చూస్తూ బిల్లులు కొడుతుంది.

కొత్త డబ్బా మూత తీస్తే
ఎవరూ కదపని పెరుగు మీద మీగడ.
ఎవరిదో వేలు మొదటి గుంట పెడుతుంది,
ఇక చూడాలి,
వారానికల్లా దూడలు తొక్కిన మడి.
అలాంటి టెస్టర్ డబ్బా ఒకటి, తేదీ దాటింది.
"పారెయ్ కెజియా" అన్నాడు సూపర్‌వైజర్.
పారేశాను,
నా టిఫిను సంచిలోకి.

మా మేనత్త ఏస్తేరు
ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడిమలు తీస్తుంది.
తేజ కాయ వచ్చే రోజుల్లో
ఆమె సందు మలుపు తిరిగిందని
మా ముక్కులకే ముందు తెలుస్తుంది.
గుమ్మం దగ్గర తలుపు మోచేత్తో తోస్తుంది.
కన్ను దురదపెడితే భుజానికి రుద్దుకుంటుంది.
పక్కింటి చంటాడు చేతులు చాపితే
"ఉండరా, ఇంకా నా చేతులు నావి కాలేదు" అంటుంది.

ఆ రాత్రి డబ్బా ముందు పెట్టి
నా కొట్టు పాఠం మొత్తం అప్పజెప్పాను.
అత్త నవ్వింది, దగ్గింది, మళ్లీ నవ్వింది.
"నీళ్లు ముందా? ఎవరు చెప్పారే నీకు?
మిరపమంట నీళ్లని చూసి ఇంకాస్త లేస్తుంది.
ముందు జిడ్డు. తర్వాత సబ్బు. నీళ్లు ఆఖర్న."
ఇన్నేళ్లూ ఆమెకి జిడ్డంటే
బజ్జీలు వేగిన మూకుట్లో మిగిలిన నూనె.

బొటనవేలూ చూపుడువేలూ కలిపి
తొడిమ తుంచినట్టే తుంచింది కాస్తంత వెన్న.
గోళ్ల సందుల్లో, మణికట్టు గాజుల కింద,
చెవి వెనక, మెడ మడతలో.
"ఎంత ఇది?"
"పారేసేది అత్తా."
"పారెయ్యకముందు?"
చెప్పలేదు. కిలోల్లోకి మార్చి చూసుకుని
లోపలే మింగాను ఆ అంకె.

పట్టా కట్టిన మరుగులో రెండు బకెట్లు.
బట్టల సబ్బు ముక్క, చెంబు చప్పుడు,
మధ్యలో ఒకసారి "అబ్బా", అంతే.
"కెజియా, ఇంకా తడిగానే ఉన్నా,
నీ కొట్టు మాట కూడా కాదనడం దేనికి, వీపుకి రాయి."

వీపు నాకు కొత్త.
ముఖం యాభై దాటింది, చేతులు ఇంకా ముందే దాటాయి.
వీపు మాత్రం ఎండా ఘాటూ చూడక
ఎక్కడో ఇరవైల దగ్గర ఆగిపోయి ఉంది.
నీటిబొట్ల మీదే రాశాను.
వెన్న, తడి కలిసి
నా అరచేయి దానంతట అదే జారిపోయింది.
అత్త మాట్లాడలేదు.
ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి.

లేవడానికి నా ఎడమ ముంజేయి పట్టుకుంది,
గట్టిగా, మరిచిపోయి.

తెల్లారి కొట్లో
అయిదు వేళ్ల మేర చురచురలాడుతూనే ఉంది.
"స్నానం చేశాక," అని మొదలుపెట్టి తడబడ్డాను,
"ముందు కూడా రాసుకోవచ్చు మేడమ్... పనిని బట్టి."
"ఏం పని?" అందామె.
వంగి నా చేయి వాసన చూసింది,
తుమ్మింది, ఇంకోసారి తుమ్మింది,
కళ్లు తుడుచుకుంటూ అడిగింది,
"బావుందే, ఏ రకం ఇది?"

"స్టాకు లేదు మేడమ్" అన్నాను.